మావయ్య పొట్లంలో మూడు రాళ్ళు: కోర్నెరుపిన్ అంటే ఏమిటి? మన కొండల్లో ఉంటుందా?

పటమట_శిరీష
రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి. విజయవాడలో ఉంటాం, నాకు రాళ్ళ గురించి ఓనమాలు కూడా తెలియవు.

మా పెద్ద మావయ్య నలభై ఏళ్ళ క్రితం కొలంబోలో ఒక హోటల్లో లెక్కలు రాసేవాడు. సెలవు దొరికితే రత్నపుర వెళ్ళి సంతలో చిన్న చిన్న రాళ్ళు కొనుక్కునేవాడట. ఆయన పోయాక అమ్మ ట్రంకు పెట్టెలో ఒక బటర్ పేపర్ పొట్లం దొరికింది. లోపల సాన పట్టిన మూడు రాళ్ళు. రెండు ఆకుపచ్చకీ గోధుమకీ మధ్య రంగు, ఎండబెట్టిన గోంగూర లాగా. మూడోది వాటికంటే పెద్దది, తేనె రంగు.

వన్ టౌన్‌లో ఒక షాపులో చూపించాం. ఆయన భూతద్దం కూడా తీయకుండా "తోరమల్లి అమ్మా, మూడూ కలిపి నాలుగు వేలు ఇస్తాను" అన్నాడు. అమ్మ ఇవ్వనంది. తర్వాత పచ్చరాళ్ళలో పెద్దదాన్ని టెస్టింగ్‌కి ఇస్తే కార్డు మీద "సహజ కోర్నెరుపిన్, బరువు 1.86 క్యారెట్లు, వక్రీభవన గుణకం 1.667–1.680" అని ఇచ్చారు. ఈ పేరు మా ఇంట్లో ఎవరూ విననిది. ఇదేమిటి? నిజంగా అరుదా? మిగతా రెండూ కూడా అదేనా? ఒక్కో రాయికీ టెస్టింగ్ ఫీజు కట్టాలంటే అమ్మ ఒప్పుకోవడం లేదు.

వన్‌టౌన్_తరాజు
రాత్రి 9:31

చెల్లెమ్మా, నేనూ ఆ బజారువాడినే. ఆయన్ని పూర్తిగా తప్పు పట్టను. మా దగ్గరకి వచ్చే పచ్చ–గోధుమ రాళ్ళలో నూటికి తొంభై పైన తోరమల్లే, అంటే టూర్మలిన్. కోర్నెరుపిన్ అడిగినవాణ్ణి నా పాతికేళ్ళ సర్వీసులో ఇద్దరినే చూశాను. కాకపోతే భూతద్దం తీయకుండా ధర చెప్పడం మాత్రం తప్పు. రాయి చెయ్యి దాటకముందే అడిగారు, మంచి పని చేశారు.

జాతకచక్రం
రాత్రి 9:40

పచ్చరంగు కాబట్టి బుధుడికి మరకతం బదులు ఉపరత్నంగా పెట్టుకోవచ్చా? చిటికెన వేలికి.

కొండరాయి
రాత్రి 10:05

గుంటూరు బ్రాడీపేట నుంచి. భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. శిరీష గారూ, మీ ప్రశ్న చూసి భోజనం మధ్యలో లేచి వచ్చాను, ఇంట్లో తిట్లు పడుతున్నాయి.

కోర్నెరుపిన్ ఒక బోరోసిలికేట్. అంటే సిలికాతో పాటు బోరాన్ కూడా తన కట్టడంలో ఉన్న ఖనిజం. మిగతా సరుకు మెగ్నీషియం, అల్యూమినియం, కొంచెం ఇనుము. కాఠిన్యం, అంటే గీతలు పడకుండా తట్టుకునే గట్టిదనం, పదికి ఆరున్నర నుంచి ఏడు. నీటితో పోలిస్తే 3.27 నుంచి 3.45 రెట్లు బరువు, సాన పట్టిన రాళ్ళు సాధారణంగా 3.3 దగ్గర ఉంటాయి. వక్రీభవన గుణకం అంటే రాయి వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె. మీ కార్డు మీద అంకెలు దీనికి సరిగ్గా సరిపోతాయి. తోరమల్లి అయితే గుణకం 1.62–1.64 దగ్గర పడాలి. 1.667 రానే రాదు. కాబట్టి ఆ షాపు మాట ఆ ఒక్క రాయి విషయంలో కొట్టేయండి.

మొదట బయటపడింది గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో ఫిస్కెనెసెట్ అనే చోట. 1884లో లోరెంజెన్ అనే ఆయన వర్ణించి, అందుకు మూడేళ్ళ ముందే చనిపోయిన డేనిష్ భూగర్భశాస్త్రజ్ఞుడు ఆండ్రియాస్ కోర్నెరుప్ పేరు పెట్టాడు. కోర్నెరుప్ పోయేటప్పటికి వయసు ఇరవై నాలుగు. నా తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీ కూడా ఒక్క క్షణం నిశ్శబ్దమయ్యేది.

మీ మావయ్య కొన్న రత్నపుర చుట్టుపక్కల కంకర మేటల్లో ఇది దొరుకుతుంది. మడగాస్కర్, బర్మాలోని మొగోక్, టాంజానియా, కెన్యా కూడా పేరున్న చోట్లే. కెన్యాలో క్వాలే వైపు వచ్చే రాళ్ళు వనేడియం వల్ల మరకతం లాంటి ముదురు పచ్చ. సింహళం రాళ్ళు మాత్రం ఎక్కువగా మీరన్న ఎండు గోంగూర రంగే. పోలిక బాగా కుదిరింది.

జాతకచక్రం గారూ, నవరత్నాల జాబితా రాసిన కాలానికి ఈ ఖనిజానికి పేరే లేదు. బుధుడికి దీని సంగతి తెలిసే అవకాశం తక్కువ.

జాతకచక్రం
రాత్రి 10:11

గ్రహాలకు పేర్లతో పనేముంది మాస్టారూ, రంగుతోనే పని 🙂

గుణదల_కుర్రాడు
రాత్రి 10:48

మాస్టారూ, దీనికీ గ్రాండిడిరైట్‌కీ తేడా ఏంటి? వీడియోల్లో ప్రపంచంలోనే అతి అరుదైన రాళ్ళలో ఒకటి, క్యారెట్ లక్షలు అని చెబుతుంటారు. అదీ బోరాన్ రాయే కదా. శిరీష అక్క రాయి ఒకవేళ అదేమో?

లక్ష్మీపురం_పద్మ
రాత్రి 11:20

నేను ఖనిజాల విశ్లేషణ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఊరు గుంటూరు. తమ్ముడూ, రెండూ బోరోసిలికేట్‌లే గాని వేరు ఖనిజాలు. గ్రాండిడిరైట్‌ని 1902లో ఫ్రాన్స్‌కు చెందిన లాక్రువా మడగాస్కర్ దక్షిణ తీరం రాళ్ళలో గుర్తించి, ఆ ద్వీపాన్ని శోధించిన ఆల్‌ఫ్రెడ్ గ్రాండిడియే పేరు పెట్టాడు. రంగు నీలి–ఆకుపచ్చ. కాఠిన్యం ఏడున్నర. బరువు సుమారు 3 రెట్లే, గుణకం 1.58–1.64 మధ్య. అక్క కార్డు మీద 1.667 ఉంది కాబట్టి అది కాదు, అక్కడితో సరి.

ఇంకో మాట. గ్రాండిడిరైట్‌లో మసకగా, ముద్దగా ఉండే సరుకు పూసలుగా కూడా అమ్ముతారు. అద్దంలా కనిపించే స్వచ్ఛమైనది మాత్రమే నిజంగా అరుదు. వీడియోల్లో చెప్పే ధర దానిది, చూపించే రాయి ఇంకొకటి.

పటమట_శిరీష
ఉదయం 7:02

ఇన్ని జవాబులా! అమ్మకి అన్నీ చదివి వినిపించాను. మాస్టారూ, మీ భోజనం చల్లారిపోయినందుకు క్షమించండి. మిగతా రెండు రాళ్ళని ఇంట్లోనే ఏమైనా చేసి తెలుసుకోవచ్చా?

వన్‌టౌన్_తరాజు
ఉదయం 8:15

బరువు చూడండి. మిల్లీగ్రాము వరకు చూపించే చిన్న తూకం మిషన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, లేదంటే తెలిసిన బంగారం షాపులో అడగండి. పద్ధతి చెబుతాను.

ముందు రాయిని మామూలుగా తూచి గ్రాముల్లో రాసుకోండి. తర్వాత చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పోసి గ్లాసును తూకం మీద పెట్టి, మిషన్ మీద సున్నా చేయండి. ఇప్పుడు రాయిని దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీయండి. పూర్తిగా మునగాలి, అడుగుకి గానీ అంచుకి గానీ తగలకూడదు. అప్పుడు మిషన్ చూపించే అంకె, రాయి పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. మొదటి బరువుని ఈ అంకెతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. ఫ్యాను ఆపేయండి, లేకపోతే అంకె డాన్స్ చేస్తూనే ఉంటుంది.

ముందు కార్డు ఉన్న రాయితో చేయండి. 1.86 క్యారెట్లంటే 0.372 గ్రాములు. నీళ్ళలో 0.112 వస్తే మీ చెయ్యి కుదిరినట్టు. తోరమల్లి అయితే 0.122 దగ్గర పడుతుంది. తేడా పది మిల్లీగ్రాములు, అంతే.

పటమట_శిరీష
రాత్రి 8:44

టెన్షన్‌గా ఉంది. మా వీధి చివర షాపాయన మిషన్ ఇంటికి ఇచ్చాడు, రేపు తిరిగి ఇవ్వాలి. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, చెమటలు కక్కుతూ మూడుసార్లు చేశాం. 0.121, 0.120, 0.121.

అంటే 3.07. తోరమల్లి లెక్కే వస్తోంది! ఇప్పుడు ఎవరిని నమ్మాలి? షాపాయన చెప్పిందే నిజమా, కార్డే తప్పా? అమ్మ అప్పుడే "నాలుగు వేలకి ఇచ్చేయాల్సిందే" అనేసింది.

కొండరాయి
రాత్రి 8:59

ఇవ్వొద్దు! ఏ దారం వాడారు?

పటమట_శిరీష
రాత్రి 9:01

ఇంట్లో ఉన్న తెల్ల నూలు దారం. పూలు కట్టేది. జారిపోకుండా నాలుగు చుట్లు చుట్టాం.

కొండరాయి
రాత్రి 9:10

దొరికింది దొంగ. పూలదారం నాలుగు చుట్లంటే, దారం నీళ్ళలో పట్టే చోటు, దాని నూగులో చిక్కుకున్న గాలి, రాయి కింద అంటుకున్న బుడగలు అన్నీ రాయి ఖాతాలోనే పడతాయి. నీళ్ళు ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుంది, రాయి తేలికైనట్టు లెక్క వస్తుంది. మూడుసార్లూ ఒకే అంకె వచ్చిందని మోసపోకండి. తప్పు అలాగే ఉంటే జవాబూ అలాగే వస్తుంది.

నీళ్ళు కాచి చల్లార్చండి, అందులో కరిగి ఉన్న గాలి పోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయండి, బుడగలు అంటుకోవు. రాయిని ముందు సబ్బుతో కడిగి, తడిగానే ముంచండి. దారం బదులు తల వెంట్రుక, ఒక్క ముడి.

పటమట_శిరీష
రాత్రి 10:37

మా చెల్లి వెంట్రుక. పదిహేను నిమిషాలు పట్టింది ముడి వేయడానికి, రెండుసార్లు రాయి మంచం కిందకి దొర్లింది. మునిగాక ఒక బుడగ కనిపిస్తే అగ్గిపుల్లతో తోశాం.

0.112. మళ్ళీ చేస్తే 0.112. ఇంకోసారి 0.113.

మాస్టారూ, మీకు దండం. 3.32!

రెండో పచ్చరాయి బరువు 0.224, నీళ్ళలో 0.068. అంటే 3.29.
మూడోది, తేనె రంగుది, 0.488. నీళ్ళలో 0.140. ఇది 3.49 అవుతోంది. ఇదేమిటి మళ్ళీ?

వన్‌టౌన్_తరాజు
రాత్రి 10:52

పచ్చవి రెండూ ఒక తల్లి పిల్లలే అనిపిస్తోంది. చిన్న రాయికి ఒక మిల్లీగ్రాము తేడా వచ్చినా లెక్క 0.05 అటూ ఇటూ జరుగుతుంది, కాబట్టి 3.29కి కంగారు పడక్కర్లేదు. మూడోది వేరే జాతి. నేను పేరు చెప్పను, పద్మ గారు చెప్పాలి.

లక్ష్మీపురం_పద్మ
రాత్రి 11:30

నా మనసులో ఒక పేరు ఉంది. చెప్పేముందు ఒక పని చేయండి. పది రెట్ల భూతద్దంతో మూడో రాయి బల్లపరుపు ముఖం లోంచి కిందకి, వెనక సాన అంచులు చూడండి. ఒక్కో అంచు ఒక్క గీతలా ఉందా, జంట గీతలా ఉందా? రాయిని కొంచెం తిప్పి తిప్పి చూడండి. తర్వాత పచ్చరాళ్ళలో కూడా అదే చూడండి.

ఇంకొకటి. ఇంట్లో ఎవరి దగ్గరైనా పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలు ఉంటే, తెల్లకాగితం మీద రాయి పెట్టి, పైన ఒక అద్దం పట్టుకుని మెల్లగా తిప్పండి. రంగు మారితే ఏ రంగు నుంచి ఏ రంగుకో రాయండి.

గుణదల_కుర్రాడు
ఉదయం 6:50

రాత్రంతా చదివాను. నా దగ్గర కూడా ఒకటి ఉంది! కొండపల్లి వైపు క్వారీ నుంచి వచ్చిన కంకరలో దొరికింది. ముదురు రాయిలో పచ్చ–గోధుమ రంగు గింజలు, గాజులా మెరుస్తున్నాయి. మా సీనియర్ దాన్ని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే తిప్పుతుంటే గులాబీ రంగు నుంచి లేత పచ్చకి మారింది. రంగు మారుతుంది కాబట్టి కోర్నెరుపిన్ అయి ఉండాలి. కొండపల్లిలో కోర్నెరుపిన్ అని వీడియో పెట్టేయనా?

కొండరాయి
ఉదయం 8:20

పెట్టకు నాయనా.

గులాబీ నుంచి లేత పచ్చకి మారేది హైపర్‌స్థీన్ అనే వేరే ఖనిజం, పైరాక్సీన్ కుటుంబం. అది ఉన్న నీ ముదురు రాయి చార్నొకైట్. కలకత్తా నగరానికి పునాది వేసినవాడని చెప్పే జాబ్ చార్నొక్ సమాధి రాయి ఇదే జాతిది కాబట్టి హాలండ్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. సమాధి మీది రాయి పేరు మన కొండపల్లి కంకరకీ అంటుకుంది. అక్కడ బొమ్మలకి వాడే తెల్లపొణికి ఎంత మెత్తనో ఈ రాయి అంత గట్టిది. కొండపల్లికి ఇంకో గొప్ప కూడా ఉంది, అక్కడ క్రోమైట్, అంటే క్రోమియం ముడి ఖనిజం, తవ్వేవాళ్ళు. నువ్వు వీడియో చేయాలంటే దాని మీద చెయ్యి.

ఇక అసలు ప్రశ్న, మన కొండల్లో ఉంటుందా అని. ఇది కాస్త తీరిగ్గా చెప్పాలి.

ఇంద్రకీలాద్రి నుంచి శ్రీకాకుళం దాటి ఒడిశా దాకా తూర్పు కనుమల్లో ప్రధానమైన రాయి ఖోండలైట్. ఒడిశా కొండల్లోని ఖోండు ప్రజల పేరు మీద 1902లో వాకర్ పెట్టిన పేరు. అందులో ఎర్ర చుక్కలు గార్నెట్, తెల్లటి సూదులు సిల్లిమనైట్, అక్కడక్కడా చేతికి మసి అంటించేది గ్రాఫైట్. ఇదంతా ఒకప్పుడు సముద్రపు బురద. ఆ బురద భూమి లోపల కిలోమీటర్ల లోతుకి దిగి, ఏడెనిమిది వందల డిగ్రీలు, కొన్ని చోట్ల ఇంకా పైన వేడెక్కి ఇలా అయింది.

సముద్రపు బంకమట్టిలో బోరాన్ పది లక్షల భాగాల్లో వంద భాగాల దాకా ఉంటుంది. భూమి పైపొరలో సగటున పది మాత్రమే. అంటే మన కొండల ముడిసరుకులో బోరాన్‌కి కరువు లేదు. మరి ఎటు పోయింది?

ఇంగువ సంగతి తెలుసు కదా. మూత తీసి చారు ఎక్కువసేపు మరిగిస్తే మిగతా అన్నీ గిన్నెలో ఉంటాయి, ఇంగువ వాసన మాత్రం వీధిలోకి పోతుంది. బోరాన్ అలాంటిదే. వేడెక్కే కొద్దీ అభ్రకంలో, బంకమట్టిలో ఉన్నది ముందు తోరమల్లిలోకి చేరుతుంది. ఇంకా వేడెక్కితే తోరమల్లి కూడా నిలవదు. అప్పుడు బోరాన్ నీటి ఆవిరితోనో, కరగడం మొదలైన రాతి ద్రవంతోనో కలిసి పైకి పారిపోతుంది. పైన చల్లబడిన చోట పెగ్మటైట్లనే ముతక గింజల రాళ్ళలో నల్ల తోరమల్లిగా తేలుతుంది. నెల్లూరు వైపు గూడూరు అభ్రకం గనుల దగ్గర నల్లటి కడ్డీలు చూసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు.

కోర్నెరుపిన్ పుట్టాలంటే బోరాన్ అంత వేడిలో కూడా పారిపోకుండా చిక్కుకోవాలి. దానికి తోడు ఆ రాయిలో మెగ్నీషియం, అల్యూమినియం దండిగా ఉండి, సిలికా కొంచెం తక్కువ కావాలి. వేడి ఉన్నచోట బోరాన్ ఉండదు, బోరాన్ ఉన్నచోట అంత వేడి ఉండదు. రెండూ ఒకేచోట కుదరడం అరుదు కాబట్టే ఖనిజమూ అరుదు.

మన రాష్ట్రంలో పాడేరు దగ్గర సఫిరిన్ అనే నీలి ఖనిజాన్ని 1904లోనే మిడిల్‌మిస్ వర్ణించాడు. అది కోర్నెరుపిన్‌కి చాలాచోట్ల పక్కింటి ఖనిజం, దానికి కావలసిన మెగ్నీషియం–అల్యూమినియం మసాలా అంతా అదే. కాని అందులో బోరాన్ ఉండదు. సఫిరిన్ ఉంది కాబట్టి కోర్నెరుపిన్ ఉన్నట్టే అనడం, పెళ్ళి మండపం వేశారు కాబట్టి పెళ్ళికూతురు వచ్చేసినట్టే అనడం లాంటిది. దక్షిణాదిన తమిళనాడులో ఎల్లమ్మన్‌కోవిల్‌పట్టి కోర్నెరుపిన్ గురించి 1965లోనే పత్రికల్లో వచ్చింది. శ్రీలంక, దక్షిణ భారతం, మడగాస్కర్ ఒకప్పుడు ఒకే ఖండం ముక్కలు కాబట్టి రాళ్ళ చుట్టరికం ఎక్కడికీ పోదు.

గుణదల_కుర్రాడు
ఉదయం 8:41

సారీ మాస్టారూ. వీడియో డిలీట్. టైటిల్ కూడా పెట్టేశాను, "బెజవాడలో కోట్ల రాయి" అని.

నిర్వాహకుడు
ఉదయం 9:00

ఒక మనవి. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం గుహలు, ఇవన్నీ గుళ్ళు, చర్చిలు, రక్షిత కట్టడాలు ఉన్న కొండలు. ఈ థ్రెడ్ చదివి సుత్తి పట్టుకుని ఎవరూ బయల్దేరకండి.

వన్‌టౌన్_తరాజు
ఉదయం 9:26

మాస్టారూ, కోర్నెరుపిన్, ప్రిస్మటిన్ అని రెండు పేర్లు వింటాం. బొంబాయి బ్రోకర్ ఒకడు రెండూ ఒకటే అంటాడు, ఇంకొకడు ప్రిస్మటిన్ అని చెప్పి ధర పెంచుతాడు.

లక్ష్మీపురం_పద్మ
మధ్యాహ్నం 1:15

ఇది నేను చెబుతాను, నా రోజువారీ తలనొప్పి ఇదే కాబట్టి.

1886లో జర్మనీలో శాక్సనీలోని వాల్డ్‌హైమ్ రాళ్ళలో సావర్ అనే ఆయన ప్రిస్మటిన్ అని ఒక ఖనిజాన్ని వర్ణించాడు. తర్వాత ఇదీ కోర్నెరుపిన్ ఒకటేనని ఆ పేరు పక్కన పెట్టేశారు. 1996లో మళ్ళీ తీశారు. ఈ కుటుంబం ఫార్ములాలో బోరాన్‌కి సున్నా నుంచి ఒకటి దాకా చోటు ఉంటుంది. సగం కంటే తక్కువ నిండితే కోర్నెరుపిన్, సగం దాటితే ప్రిస్మటిన్. కంటికి, భూతద్దానికి తేడా తెలియదు. ల్యాబ్ కాగితం లేకుండా ప్రిస్మటిన్ అని ధర పెంచేవాడికి ఆ సంగతి తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నాడు.

తలనొప్పి ఎక్కడంటే, బోరాన్ ఐదో నంబరు మూలకం. మేము ఎలక్ట్రాన్ పుంజంతో కొట్టి, బయటికి వచ్చే ఎక్స్‌రేలు చూసి ఏ మూలకం ఎంత ఉందో లెక్క కడతాం. ఇనుము, మెగ్నీషియం గొంతెత్తి అరుస్తాయి. బోరాన్ ఎక్స్‌రే మాత్రం గుసగుస, డిటెక్టర్ చేరేలోపే చాలావరకు ఆవిరి. పైగా కోర్నెరుపిన్‌లో బోరాన్ ఆక్సైడ్ బరువులో ఐదు శాతం దాటదు. తోరమల్లిలో పది పైన, గ్రాండిడిరైట్‌లో పన్నెండు దాకా ఉంటుంది. మామూలు పద్ధతిలో చూస్తే మొత్తం నూరుకి బదులు తొంభై ఆరో తొంభై ఏడో వచ్చి ఆగిపోతుంది. ఆ మిగతా ఎక్కడ అని వెతుక్కుంటే అప్పుడు బోరాన్ గుర్తొస్తుంది. 1884లో ఇచ్చిన మొదటి ఫార్ములాలోనే బోరాన్ లేదు! ఆ మాట తెలిశాక నా తప్పులకి కొంచెం ఓదార్పు దొరికింది.

పటమట_శిరీష
సాయంత్రం 6:20

పద్మ గారూ, మీరు చెప్పినట్టే చేశాం. నాన్న కళ్ళద్దాలు తీసుకున్నాం.

పచ్చరాళ్ళు: అద్దం తిప్పుతుంటే ఒక స్థానంలో పచ్చ, పావు చుట్టు తిప్పితే పసుపు కలిసిన గోధుమ. రెండు రాళ్ళలోనూ అంతే. అమ్మ ఐదారుసార్లు తిప్పి చూసి, "అన్నయ్య ఈ ఆట ఆడేవాడు, పొగాకు కంపెనీవాళ్ళిచ్చిన నల్ల కళ్ళద్దాలతో" అంది. అప్పటిదాకా మాకెవరికీ ఆ సంగతి చెప్పలేదు.

తేనె రాయిలో రంగు కొంచెమే మారింది, లేత పసుపు, ముదురు గోధుమ. భూతద్దంలో మాత్రం వెనక అంచులు అన్నీ జంటగా ఉన్నాయి. రైలు పట్టాల్లా. పచ్చరాళ్ళలో అంచులు ఒక్క గీతే, బాగా వంచి చూస్తే ఒకచోట కొద్దిగా మందంగా అనిపించింది.

లక్ష్మీపురం_పద్మ
సాయంత్రం 7:05

అయితే నేను అనుకున్నదే. తేనె రాయి చాలావరకు సింహలైట్.

జంట గీతలు కనిపించాయంటే రాయి వెలుగుని రెండుగా బాగా చీలుస్తోందన్నమాట. కోర్నెరుపిన్‌లో రెండు గుణకాల మధ్య తేడా 0.013 దగ్గర, సింహలైట్‌లో 0.038 దగ్గర, దాదాపు మూడు రెట్లు. పెరిడాట్ అనే పచ్చ రత్నం కూడా ఇలాగే జంటలు చూపిస్తుంది, అక్కడే చాలామంది బోల్తా పడ్డారు. శ్రీలంకలో వచ్చే ఈ గోధుమ రాళ్ళని గోధుమ పెరిడాట్ అనే అమ్మేవారు, మ్యూజియంలలోనూ అదే పేరుతో పెట్టారు. 1952లో ఎక్స్‌రేతో చూస్తే వేరే ఖనిజమని తేలి, సింహళం పేరు పెట్టారు. పెరిడాట్ బరువు 3.34 రెట్లు, సింహలైట్ 3.48. మీది 3.49. మీ చెల్లెలి వెంట్రుకే ఈ కేసు తేల్చింది.

ఇందులో తమాషా ఏమిటంటే ఇదీ బోరాన్ రాయే, కాని సిలికా లేదు. మెగ్నీషియం, అల్యూమినియం, బోరాన్, ఆక్సిజన్, అంతే. లోపలి కట్టడం పెరిడాట్‌దే, సిలికాన్ కూర్చునే కుర్చీలో బోరాన్ కూర్చుంది. అందుకే అంతమంది పొరబడ్డారు.

గుణకం కొలిస్తే కింది అంకె రెండింటికీ ఇంచుమించు 1.668 దగ్గరే పడుతుంది. పై అంకె చూడాలి. కోర్నెరుపిన్ 1.68 దగ్గర ఆగుతుంది, సింహలైట్ 1.70 దాటుతుంది. తొందరలో ఒక్క అంకె చూసి కార్డు రాసేస్తే ఇక్కడే తప్పు దొర్లుతుంది.

కొండరాయి
సాయంత్రం 7:30

పద్మ గారూ, మీరు నా క్లాసులో కూర్చోలేదు గదా? కూర్చుని ఉంటే ఆ క్రెడిట్ నేను తీసుకుందును.

శిరీష గారూ, పచ్చరాళ్ళకి ఒక అనుమానం మిగిలి ఉంది, ఎన్‌స్టటైట్ అనే ఇంకో ఖనిజం. గుణకం, బరువు రెండూ దగ్గరగానే ఉంటాయి, సింహళంలోనూ దొరుకుతుంది. వెలుగుని రంగులుగా విడదీసి చూపించే చేతి స్పెక్ట్రోస్కోప్‌లో 506 నానోమీటర్ల దగ్గర సన్నటి నల్ల గీత పదునుగా కనిపిస్తే అది ఎన్‌స్టటైట్. కార్డు ఉన్న రాయికి ఆ భయం లేదు, గుణకాల మధ్య తేడా 0.013 వచ్చింది, ఎన్‌స్టటైట్‌కి 0.010 దగ్గర ఉంటుంది. కార్డు లేని చిన్నదానికే చూడాలి.

జాతకచక్రం
రాత్రి 8:12

అంతా బాగుంది. ఉంగరం చేయించవచ్చా లేదా, అది చెప్పండి ముందు.

వన్‌టౌన్_తరాజు
రాత్రి 8:40

ఉంగరానికి నేను వద్దనే చెబుతాను. మన ఇళ్ళల్లో దుమ్మంటే సగం ఇసుక, ఇసుకంటే క్వార్ట్జ్, కాఠిన్యం ఏడు. ఇది ఆరున్నర, ఏడు. రోజూ వేలికి పెట్టుకుని గిన్నెలు, స్కూటర్ తాళం, బీరువా తలుపు అంటూ తిరిగితే రెండేళ్ళలో పైముఖం మసకబారుతుంది. పొడుగునా చీలే గుణం కూడా ఉంది, దెబ్బ తగిలితే పని అయిపోతుంది. చెవిదిద్దులకో లాకెట్‌కో బాగుంటాయి. కంసాలితో ముందే చెప్పండి, రాయి బిగించాక మంట చూపించవద్దని, ఆవిరి మిషన్‌లో వేయవద్దని.

ధర సంగతి అడిగారు కాబట్టి. అరుదు అనే మాటకీ ధర అనే మాటకీ మధ్య కొనేవాడు ఉండాలి. కోర్నెరుపిన్ పేరు తెలిసి వెతుక్కునేవాళ్ళు రాళ్ళు సేకరించేవాళ్ళే, వాళ్ళు మన బజారులో తిరగరు. మా వీధిలో అమ్మితే తోరమల్లి ధర కంటే పెద్దగా రాదు. నేను కూడా అంతే ఇవ్వగలను, నిజం చెబుతున్నాను. అమ్మకపోవడమే మేలు.

పటమట_శిరీష
పది రోజుల తర్వాత, రాత్రి 9:05

ఆలస్యానికి క్షమించండి. అమ్మ చివరికి తనే డబ్బిచ్చి మిగతా రెండిటికీ కార్డులు తెమ్మంది. చిన్న పచ్చది కోర్నెరుపిన్, 1.668–1.681. తేనెది సింహలైట్, 1.669–1.707. పద్మ గారూ, కింది అంకె అక్షరాలా మీరన్నట్టే పక్కపక్కన పడింది.

టెస్టింగ్ దగ్గర ఆ అబ్బాయి "ఇవి ఏమిటో ముందే ఎలా తెలుసు మేడమ్" అని అడిగాడు. చెల్లి తన జడ చూపించింది.

పచ్చవి రెండూ ఒక సైజు కాదు కాబట్టి దిద్దులకి కుదరవు. పెద్దది లాకెట్ చేయిస్తున్నాం, మిగతావి మళ్ళీ అదే బటర్ పేపర్‌లోకి వెళ్ళాయి. ఈసారి పేపర్ మీద పేర్లు రాశాం.

గుణదల_కుర్రాడు
రాత్రి 9:18

అక్కా, కంగ్రాట్స్! ఆ తూకం మిషన్ ఇంకా ఉందా? నా దగ్గర ఖోండలైట్‌లోంచి ఊడిన ఎర్ర గార్నెట్ గింజలు ఉన్నాయి, 3.8 పైన వస్తుందో లేదో చూడాలని ఉంది.

పటమట_శిరీష
రాత్రి 9:22

షాపాయనకి ఇచ్చేశాం గాని మళ్ళీ అడుగుతాను. ఆదివారం పొద్దున్నే రా, ఎండెక్కితే ఫ్యాను లేకుండా కూర్చోలేం. వెంట్రుక మాత్రం నువ్వే తెచ్చుకో, మా చెల్లి ఇక ఇవ్వనంటోంది.